తడి సిరా మీద కాగితం

పళ్ళ డాక్టరమ్మ పొడుగాటి అట్టగొట్టం ఒకటి సంకలో ఇరికించుకుని కాగితాల ఆసుపత్రి మెట్లెక్కింది. ఎక్కుతూనే, "దీని సంగతి మీరు తేల్చేదాకా నా దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళు దొరకరు. ఇక మీదే భారం" అంది.

ఆ దుకాణం గుమ్మం మీద ఓ పేరు రాసి ఉంది గాని దాన్ని ఎవరూ చదవరు. చిరిగిన పటాలు, చెదలు తిన్న పెళ్ళి ఫొటోలు, తాతల నాటి ఇంటి కాగితాలు, ఎలకలు కొరికిన పుస్తకాలు అన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి వీధి వీధంతా దాన్ని కాగితాల ఆసుపత్రి అనే పిలుస్తుంది. లోపల కూర్చుని వాటిని కడిగి, ఆరేసి, అతుకులు వేసే ఆవిడ అతుకులక్క. అరవై రెండేళ్ళ మనిషి. జుట్టు నెరిసింది గాని చెయ్యి ఇంకా వణకలేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా గోధుమపిండి జిగురు కలిపీ కలిపీ, ఆ జిగురు వాసనే ఆవిడ వంటి వాసన అయిపోయింది.

ఆవిడకో అలవాటు ఉంది. యాభై దాటిన ఆడమనిషి ఎవరు ఎదురుపడ్డా ముఖంలోకి ఓ క్షణం ఎక్కువ చూస్తుంది, ఆ తరవాత కుడి పాదం వంక చూస్తుంది. బస్సులో చూస్తుంది, మందుల దుకాణంలో చూస్తుంది, చావు ఇళ్ళల్లో కూడా చూస్తుంది. "చెప్పుల కొలత తీసుకుంటున్నావా ఏంటి?" అని వదిన ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో లెక్కలేదు. కానీ ఎందుకు చూస్తుందో వదినకీ తెలుసు. అతుకులక్కకి పదకొండేళ్ళప్పుడు, ఎనిమిదేళ్ళ చెల్లెలు తప్పిపోయింది. ఒకచోట కాలు నిలవని పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ పిచిక అని పిలిచేవాళ్ళు. వేడి గంజి ఒలికి కుడి పాదం మీద నేరేడు పండంత మచ్చ పడింది. ఆ పిచిక ఎక్కడో బతికే ఉందని, ఉంటే ఇప్పుడు యాభై తొమ్మిది వచ్చి ఉంటాయని, ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుందని అతుకులక్క నమ్మకం. ఆ నమ్మకంతోనే అమ్మ కూడా కన్నుమూసింది. ఇంట్లో పిచికది ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్న ఒక్కటీ నోటీసులో అచ్చువేసే బ్లాకు చేయించడానికి ఇచ్చి పోగొట్టానని నాన్న అప్పట్లో చెప్పాడు.

"కూర్చోండి డాక్టరమ్మా. ముందు చూడనివ్వండి. చిరిగిందా, తడిసిందా?"

"చిరగలేదు, తడవలేదు. పట్టింది."

"బూజా?"

"పిల్ల."

అతుకులక్క కళ్ళజోడు పైకి తోసుకుని ఆమె వంక చూసింది. డాక్టరమ్మ నవ్వడం లేదు. గొట్టంలోంచి కాగితాన్ని లాగి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు సీసాలు పెట్టింది.

అది పాత మ్యూజియం ప్రదర్శన తాలూకు పోస్టరు. ఆ రోజుల్లో కొత్త తరహా అని చెప్పుకున్న బొమ్మ ఒకటి దాని నిండా అచ్చువేశారు. బొమ్మలో ఉన్నది ఒక ఇల్లు. ఇల్లంటే మనం అనుకునే ఇల్లు కాదు. స్కేలు పెట్టి కోసినట్టు తెల్లటి గోడలు, వాటి పక్కన ముదురు నీలం నీడలు, ఏ తలుపూ లేని చోటికి ఎక్కే మెట్లు, ఎర్రటి స్తంభం ఒకటి. ఎడం పక్క గోడలో అరచేతి మేర లేత పసుపు కిటికీ. అంతే. మనిషి లేడు, చెట్టు లేదు, గోడ మీద ఓ కాకి కూడా లేదు. కింద లావుపాటి అక్షరాల్లో మ్యూజియం పేరు, తేదీలు, యాభై ఒక్కేళ్ళ కిందటి సంవత్సరం.

"పాత సామాన్ల కొట్లో కనపడింది," అంది డాక్టరమ్మ. "పొద్దున్న లేస్తే మనుషుల నోళ్ళలోకి చూడ్డమే నా పని గదా, మనిషన్నవాడు లేని బొమ్మ ఒకటి చూసుకుందామని ముచ్చటపడి కొన్నాను. రోగులు కూర్చునే గదిలో గోడ ఖాళీ లేక, గాజు అడ్డం మీద తగిలించాను. ఆ గాజు వెనక పడమటి కిటికీ ఉంది. పొద్దున్నంతా బాగానే ఉంటుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ పసుపు కిటికీలోకి ఓ పిల్ల వచ్చి నిలబడుతుంది."

"నిలబడుతుందా?"

"ముందు మా నర్సు చూసింది. దాని మాట నేను నమ్మలేదు, అది తన నీడ చూసి తనే జడుసుకునే రకం. తరవాత ఓ ముసలాయన కట్టుడు పళ్ళకి కొలతివ్వడానికి వచ్చి, 'ఆ పాప అమ్మ కోసం చూస్తోందమ్మా, పిలవండి' అన్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. చూద్దునా, నిజంగానే ఉంది. సన్నటి ముఖం. పావుగంట ఉండి వెళ్ళిపోతుంది. నేను చదువుకున్నదాన్ని, దయ్యాలూ గియ్యాలూ నాకు గిట్టవు. అయినా నాలుగు దాటాక ఆ కుర్చీల వైపు నేను కూడా పోవడం లేదు, ఏం చెప్పమంటారు!"

"వెనక ఏదో మరక ఉండి ఉంటుంది. ఎండ వెనకనించి పడ్డప్పుడు ఇవతలికి తేలుతుంది. కాగితం అన్నాక ఇవన్నీ మామూలే."

"మామూలో, మాయో. వెనకాల మందపాటి కాగితం ఏదైనా అంటించేయండి. ఆ పిల్ల మళ్ళీ కనపడకూడదు. గురువారానికి ఇస్తారా?"

ఇస్తానన్నట్టు తలూపబోయిన అతుకులక్క చూపు అప్పుడే కాగితం అడుగు అంచు మీద పడింది. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఒక అచ్చాఫీసు పేరు ఉంది. అది నాన్న అచ్చాఫీసు. నాన్న పోయాక యంత్రాలు అమ్మేశారు, ఆ పేరు కళ్ళబడి నలభై ఏళ్ళు దాటింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "గురువారం సాయంత్రానికి తీసుకెళ్ళండి" అని మాత్రం అంది.

డాక్టరమ్మ మెట్లు దిగింది. అతుకులక్క చేతులు కడుక్కుని, తుడుచుకుని, పోస్టరును బోర్లా తిప్పింది.

వెనక తెల్లటి కాగితం మీద, ఒక పక్కగా, పలచటి బూడిద రంగు మచ్చ పరుచుకుని ఉంది. అదేమిటో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. అచ్చయిన కాగితం ఆరకముందే దాని మీద ఇంకో కాగితం పెడితే తడి సిరా పై కాగితం వెనక్కి అంటుకుంటుంది. బొమ్మైనా అక్షరమైనా తిరగబడి పడుతుంది. మామూలు మనుషులకి ఆ తిరగబడ్డ అక్షరాలు అద్దం తెచ్చుకుంటే గాని అర్థం కావు. అతుకులక్కకి ఆ అవసరం లేదు. అచ్చుకి పేర్చే సీసం అక్షరాలు తిరగబడే ఉంటాయి గదా, ఆమె నాన్న ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నవి ఆ అక్షరాలే. బళ్ళో వేశాక ఆరు నెలలు తిరగేసే రాసి పంతులమ్మ చేత దెబ్బలు తింది. కాబట్టి మసక బారిన ఆ గీతల మీదికి కళ్ళు ఇలా వాలాయో లేదో, చదవాలన్న ఆలోచన రాకముందే చదివేసింది.

బాలిక తప్పిపోయినది. వయస్సు ఎనిమిది. నీలం గౌను. కుడి పాదము మీద కాలిన మచ్చ. పిలుపు పేరు పిచిక.

అక్షరాల పైన ఉన్న మచ్చ వంక చూడడానికి ధైర్యం చాల్లేదు. దాని మీద అద్దుడు కాగితం ఒకటి కప్పేసి, వెనక్కి నడిచి వెళ్ళి కుర్చీలో కూలబడింది. ఎవరో ఇద్దరు వచ్చి తలుపు తట్టి, పలక్కపోయేసరికి వెళ్ళిపోయారు. కుళాయి చుక్క చుక్కగా కారుతూనే ఉంది.

చాలాసేపటికి లేచింది. గది మూల గాజు బల్ల ఉంది, దాని అడుగున దీపాలుంటాయి. కాగితంలో చిల్లులూ పలచటి చోట్లూ కనిపెట్టడానికి వాడే బల్ల అది. పోస్టరును బొమ్మ పైకి ఉండేలా దాని మీద పరిచి, మీట నొక్కింది.

కిటికీలో పిచిక నిలబడి ఉంది.

వెనక తిరగబడ్డ ముఖం ఇటునుంచి చూసేసరికి సరిగ్గా అయింది. పాపిడి ఎడమ పక్కకి. ముందు పళ్ళ మధ్య సందు. ఒక కనుబొమ్మ కొంచెం పైకి, ఎవరో ఏదో అబద్ధం చెబుతుంటే వింటున్నట్టు. అన్నిటికన్నా అతుకులక్క గుండెలో కలుక్కుమన్నది వేరే ఉంది. ఆ ముఖం కోలగా ఉంది. ఆవిడ ఇన్నాళ్ళూ గుండ్రటి ముఖం కోసం వెతికింది. బుగ్గలు నిండుగా ఉండే పిల్ల అని ఎప్పుడు ఎలా మనసులో పడిపోయిందో, యాభై ఒక్కేళ్ళు బస్సుల్లో, సంతల్లో, చావు ఇళ్ళల్లో వేరే ఎవరి ముఖాన్నో వెతుక్కుంటూ తిరిగింది. కోల ముఖం ఆడవాళ్ళు ఎదురుపడితే పాదం వంక కూడా చూసి ఉండదు.

"ఎన్నిసార్లు నా పక్కనించి పోయావే?" అంది గాజు మీదికి వంగి.

దీపాల వేడికి గాజు వెచ్చగా ఉంది. కిటికీలో పిల్ల కనుబొమ్మ దించలేదు.

ఆ రాత్రి ఎప్పుడో నిద్ర పట్టి, మంగళవారం పొద్దున లేచేసరికి ఆవిడ బుర్ర మళ్ళీ పనిలో పడింది. కాగితం పట్టుకున్న మనిషిని కాగితం ఊరుకోనివ్వదు. తడి సిరా ఎందుకు అంటుకుంది?

నాన్న అచ్చాఫీసులో అచ్చయిన ప్రతి కాగితమూ ముందు తీగ మీదికి ఎక్కాల్సిందే. ఆరాకే దొంతర. తడి అచ్చు మీద ఎవరైనా పొడి కాగితం పెట్టారో, అల్యూమినియం స్కేలుతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చేవాడు. అన్నయ్య కణుపులు ఆ దెబ్బలకే కాయలు కాశాయని ఇంట్లో అనుకునేవాళ్ళు. పెళ్ళి పిలుపు కార్డులకే అంత పట్టుదల ఉన్న మనిషి, కన్నకూతురు తప్పిపోయిందన్న నోటీసుల మీద, అవి తడిగా ఉండగానే, మ్యూజియం వాళ్ళ కాగితం దొంతరంతా తెచ్చి పెట్టేశాడా? అవి గోడల మీద అంటించాల్సిన నోటీసులు. కింద నలిగి, అంటుకుపోయి, పాడవుతాయని తెలియదా?

తెలుసు. నాన్నకి తెలియకపోవడం అంటూ ఉండదు.

అతుకులక్క పళ్ళు తోముకుంటూ తోముకుంటూ ఆగిపోయింది. తెలిసే పెట్టాడు. ఆ నోటీసులతో ఇక పని లేదని తెలిసే పెట్టాడు.

అద్దంలోకి చూసుకుని నోరు కడుక్కుంది. పోస్టరును గొట్టంలో పెట్టుకుని, దుకాణం తియ్యకుండా, తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసింది వదిన. "ఏంటమ్మోయ్, ఆసుపత్రికి సెలవా? రోగులంతా కోలుకున్నారా, పోయారా?" అంది. ఆడపడుచు ముఖం చూసి నవ్వు సగంలో ఆపేసి, "లోపలున్నారు" అంటూ పక్కకి తప్పుకుంది.

అన్నయ్య వెనక వసారాలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్నాడు. నాన్న పోయాక పరాయి అచ్చాఫీసుల్లో పనిచేసిన మనిషి, డెబ్భై ఏళ్ళొచ్చినా గోళ్ళ సందుల్లో నల్లటి సిరా పోలేదు. చెల్లెలిని చూడగానే, "ఏరా, పొద్దున్నే దారి తప్పావా? కూర్చో. టీ పెట్టిస్తాను" అన్నాడు.

"టీ వద్దు. లే అన్నయ్యా. దీనికి ఆ కొస పట్టుకో."

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని పోస్టరును వసారా అంచున ఎండకి అడ్డంగా ఎత్తారు. తెల్ల గోడలు, నీలం నీడలు, మెట్లు, పసుపు కిటికీ. అన్నయ్య దాన్ని పైనించి కిందిదాకా చూశాడు. కిటికీ వంక మాత్రం చూడలేదు. అన్నీ చూశాడు, కిటికీ ఒక్కటీ చూడలేదు. అది గమనించాక అతుకులక్కకి అడగాల్సింది సగం తీరిపోయింది.

"ఇక్కడుందని నీకు తెలుసు."

అన్నయ్య బొమ్మలో మెట్ల వంకే చూస్తున్నాడు.

"ఆ నోటీసులు తీగ మీదికి ఎక్కలేదు. గోడల మీదికీ ఎక్కలేదు. అవునా, కాదా?"

"నాన్న ఒట్టు వేయించుకున్నాడురా."

"నాన్న పోయి నలభై ఏళ్ళయింది. అమ్మ పోయి ఇరవై అయింది. ఇంకా ఎవరికి ఒట్టు? చెప్పు."

అన్నయ్య తన కొసని మెల్లగా బల్ల మీదికి దించాడు. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. అతను కూర్చుని, పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, ఒక్క కాయైనా ఒలవకుండా చెప్పుకొచ్చాడు.

ఆ రోజు పొద్దున ఫొటో ఇచ్చి బ్లాకు చేయించారు. మధ్యాహ్నానికి యంత్రం ఎక్కింది. నాన్న సిరా పూస్తుంటే అన్నయ్య కాగితం అందిస్తున్నాడు. నాలుగింటికి పోలీసాయన ఒకడు సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఊరికి అటు చివర, కాలువ గేట్ల దగ్గర, నీలం గౌను పిల్ల దొరికిందన్నాడు.

"నాన్న యంత్రం ఆపాడు. ఆ పూట తొందరలో నోటీసులు తీగకెక్కించలేదు, అప్పటికి ఓ నలభై దాకా దొంతరగానే ఉన్నాయి. వాటి మీద పిల్ల ముఖం మెరుస్తోంది, తడిగా. నాన్న అటూ ఇటూ చూశాడు. పక్కన మ్యూజియం కాగితం కట్ట ఉంది. రెండు చేతులా ఎత్తి తీసుకొచ్చి ఆ ముఖం మీద పెట్టేశాడు. నేను 'నాన్నా, తడి!' అని అరిచాను. ఎప్పుడూ నా కణుపులు చితక్కొట్టే మనిషి, ఆ పూట నేను అరిస్తే నా తల మీద చెయ్యేశాడు."

"తరవాత?"

"అమ్మ సంగతి నీకు గుర్తుందిగా. అప్పటికి పది రోజుల కిందటే కాన్పు చెడి, మంచం మీద ఉంది. డాక్టరుగారు నాన్నని పక్కకి పిలిచి, ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కదన్నాడు. వారం ఆగి చెబుదామన్నాడు నాన్న. ఇద్దరం వెళ్ళి మట్టి చేసొచ్చాం. ఇంటికొచ్చి, వెతుకుతున్నారని చెప్పాం. వారం గడిచింది. వెతుకుతున్నారన్న మాట మీదే అమ్మ లేచి కూర్చుంది, గంజి తాగింది. ఇక ఎట్లా చెబుతాం? నెల తిరక్కముందే ఇల్లు మార్చేశాడు నాన్న."

ఇల్లు మారిన రోజు అతుకులక్కకి నిన్నటిలా గుర్తుంది. సామాను బండి మీద కూర్చుని, "మనం ఇక్కడ లేకపోతే పిచికకి ఇల్లెలా తెలుస్తుంది?" అని నాన్నని అడిగింది. నాన్న తాళ్ళు బిగిస్తూ బిగిస్తూ బండి చక్రం వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. తను మాత్రం పాత ఇంటి గోడ మీద బొగ్గుతో కొత్త వీధి పేరు రాసి వచ్చింది.

"అమ్మ సరే. నేనో?" అంది. గొంతు ఎక్కడా పెరగలేదు, అందుకే వదినకి భయమేసింది. "నా వెంట పడకే పొమ్మని దాన్ని తిట్టి పంపింది నేను. యాభై ఒక్కేళ్ళు కనపడ్డ ప్రతి ఆడదాని కాళ్ళూ చూశాను అన్నయ్యా. నీ పెళ్ళికి వచ్చినవాళ్ళ కాళ్ళు చూశాను. నీ మనవరాలి బారసాలకి వచ్చినవాళ్ళ కాళ్ళు చూశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు నన్ను."

"చూస్తూనే ఉన్నాను."

"ఎట్లా తిన్నావు అన్నం?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమెకీ ఆ మాట చెప్పలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అన్నయ్య పళ్ళెం పక్కన పెట్టేసి చెప్పాడు. "వారం తరవాత మ్యూజియం పని ఎక్కించాం. కట్ట అడుక్కి వచ్చేసరికి ఆఖరి కాగితం వెనక ఇది పడి ఉంది. పారెయ్యాలి. చెయ్యి రాలేదురా. నాన్న వెనక్కి తిరిగి ఉన్నాడు. అంచు కాస్త కోసి, కొలుచుకుని, కిటికీ సరిగ్గా దాని ముఖం మీదికి వచ్చేలా పెట్టాను. ఐదు రంగులు గదా, ఐదు సార్లు యంత్రంలోకి పంపాను. ఐదు సార్లూ దాన్ని చూశాను. ఊళ్ళో ఎక్కడో ఓ గోడ మీద, ఓ ఇంట్లో ఉంటుందిలే అనుకున్నాను. నాన్న ఆఖరి రంగు పడ్డాక చూశాడు. తనే తీసి మిగతావాటిలో కలిపేశాడు."

"ఫొటో?"

"దాంతోపాటే మట్టిలో పెట్టేశాడు నాన్న."

"ఎక్కడ పెట్టారు? నన్ను తీసుకెళ్ళు. ఇప్పుడే."

"ఏముందని తీసుకెళ్ళను? కాలువ పూడ్చేశారు. ఆ సమాధుల మీద రోడ్డు పడి ముప్ఫై ఏళ్ళయింది. లారీలు పోతుంటాయి."

అతుకులక్క పోస్టరు చుట్టుకుని లేచింది. గుమ్మం దాటుతుంటే వదిన చెయ్యి పట్టుకుంది. విడిపించుకోలేదు, ఆగనూ లేదు.

బుధవారం పొద్దున ఆవిడ దుకాణం తీసేసరికి అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, చొక్కా మంచుకి చెమ్మగిల్లి ఉంది. "దాన్ని ఇచ్చెయ్యకురా," అన్నాడు. "ఆవిడకి ఏదో చెప్పి మన దగ్గరే ఉంచుకుందాం."

"అది ఆవిడ సొత్తు. నా దగ్గరికి వైద్యానికి వచ్చింది. నా చేత్తో నేను దొంగతనం చెయ్యలేను."

"పోనీ ఇట్లాగే ఇచ్చెయ్. వెనక ఏమీ అంటించకు. నాలుగింటికి వస్తుంది, పోతుంది. దాని మానాన అది ఉంటుంది."

ఆ మాట అతుకులక్క కూడా రాత్రంతా అనుకుంది. ఓ కుర్చీ వేసుకుని డాక్టరమ్మ గదిలో రోజూ సాయంత్రం కూర్చుంటే ఎవరొద్దంటారు? కానీ అలా అనుకున్నప్పుడల్లా పంటి నొప్పితో దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ళు కళ్ళ ముందుకొచ్చారు. ఆ పిల్ల వంక చూసి జడుసుకునేవాళ్ళు, కుర్చీ జరుపుకునేవాళ్ళు. పిచికని చూసి ఒకరు భయపడడం ఏమిటి? అమ్మ కోసం చూస్తోందన్నాడట ముసలాయన. ఇంకా ఎన్నాళ్ళు నిలబడుతుంది ఆ కిటికీలో?

"లోపలికి రా," అంది. "నువ్వూ నాన్నా మట్టి వేసినప్పుడు నన్ను పిలవలేదు. ఇప్పుడు నేను వేస్తాను. నువ్వు కొస పట్టుకో."

అన్నయ్య చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. చేతులు కడుక్కోమంది. కడుక్కున్నాడు. గోళ్ళు చూపించమంది. చూపించాడు.

జిగురు పలచగా కాచి, వడగట్టి, చల్లార్చింది. గోధుమపిండి జిగురు ఎప్పటికైనా నీళ్ళతో వదులుతుంది. ఇంకో వందేళ్ళకి ఇంకెవరైనా విప్పదలుచుకుంటే పిల్లకి దెబ్బ తగలకుండా విప్పొచ్చు. ఆవిడ ఏ పని చేసినా అలాగే చేస్తుంది, ఇదీ అలాగే చేసింది. పోస్టరును పెద్ద బల్ల మీద బోర్లా పరిచి, మెత్తటి బ్రష్షుతో మధ్యలోంచి అంచులకి తడిపింది. ముఖం ఉన్న చోట బ్రష్షు ఆపింది.

"దీనికేమైనా చెబుతావా?" అంది.

అన్నయ్య బల్ల మీదికి వంగాడు. "చలేస్తుందేమో, త్వరగా కప్పు," అన్నాడు.

అతుకులక్క వంగి, పిచిక చెవి ఉండాల్సిన చోట ఏదో అంది. ఏమందో అన్నయ్య వినలేదు, అడగలేదు. తరవాత ఇద్దరూ చెరో వైపు నిలబడి, దళసరి తెల్ల కాగితాన్ని గాల్లో బిగువుగా పట్టుకున్నారు. "నువ్వు దించకు, నేను దించుతాను. నేను చెప్పినప్పుడు వదులు." ఆవిడ కొస ముందు ఆనింది. కాగితం మెల్లమెల్లగా వాలుతూ అక్షరాలని కప్పింది, మెడని కప్పింది, నవ్వుతున్న నోటిని కప్పింది. "ఊఁ, వదులు." ఎండిన కుంచెతో మీద సాపు చేసింది. ఒక్క బుడగ మిగల్లేదు.

అప్పుడు ఇద్దరూ కలిసి దాన్ని బొమ్మ పైకి వచ్చేలా తిరగేశారు. అతుకులక్కకి తెలుసు ఏమవుతుందో, అన్నయ్యకి తెలియదు. తడిసిన కాగితం గాజులా అయిపోతుంది. వెనక దీపం లేదు, ఎండ లేదు, అయినా పిచిక ఎప్పుడూ లేనంత స్పష్టంగా పైకి వచ్చేసింది. కిటికీలో ముఖం ఒక్కటే కాదు, తెల్ల గోడల మీదుగా తప్పిపోయినది అన్న మాట, మెట్ల పక్కన నీలం గౌను, మచ్చ, పిలుపు పేరు, అన్నీ. పిల్ల కళ్ళల్లో తడి మెరుస్తోంది.

"అయ్యో, పోలేదే!" అన్నాడు అన్నయ్య, బల్ల అంచు పట్టుకుని.

"ఆరాలి."

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా."

వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, రెండు ముక్కాలిపీటలు బల్ల దగ్గరికి లాగింది. ఇద్దరూ కూర్చున్నారు. మధ్యాహ్నం వదిన అన్నం గిన్నె తెచ్చి, తలుపు తట్టి, లోపలికి చూసి, తనూ ఒక పీట లాక్కుని కూర్చుంది. ముందు అంచులు ఆరాయి. మ్యూజియం పేరు గట్టిపడింది. ఎర్ర స్తంభం ఆరింది, మెట్లు ఆరాయి. గోడల మీద అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోయాయి. పిల్ల గడ్డం పోయింది, పాపిడి పోయింది. చివరికి పైకెత్తిన కనుబొమ్మ ఒక్కటీ పసుపులో నీటి చారలా మిగిలింది. అతుకులక్క కళ్ళు ఆర్పకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఎప్పుడు పోయిందో ఆవిడకి తెలియలేదు. చూస్తూనే ఉంది, ఇంకా ఉందనే అనుకుంటూ ఉంది. అన్నయ్య మెల్లగా చెయ్యి చాచి ఆవిడ భుజం మీద వేసేదాకా ఖాళీ కిటికీలోకి చూస్తూనే ఉంది.